కెప్టెన్ ముందు ఊపిరి

మా ఆయన పటాలంలో ఉన్నన్నాళ్ళూ చేసిన పని చెత్త తగలబెట్టడం. టైర్లు, రంగు డబ్బాలు, మందు సీసాలు, ఏది పడితే అది గోతిలో పోసి నిప్పంటించడమే. ఆ పొగ ఆయన ఒంట్లో కాపురం పెట్టింది. ఇంటికొచ్చాక మెట్లెక్కితే చాలు, కొలిమి తిత్తిలా ఎగపోసేవాడు.

ఆ పొగ పెద్దతనంలో మనిషినేం చేస్తుందో చూడడానికి ఏటా ఒక డాక్టరమ్మ వచ్చేది. పాత సిపాయిలందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరిచేత ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించేది. ఈసారి నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది. పరిశోధనకి ఇదే ఆఖరి ఏడు. వీళ్ళ ఊపిరి తగ్గిందని తేలితేనే ప్రభుత్వం ఇళ్ళకి ఆక్సిజన్ మిషన్లు ఇస్తుంది. పొద్దున పీల్చే మందు ఆ పూట పీల్చకూడదు, పీలిస్తే లేని బలం కనబడుతుంది.

మా ఆయనకి నూరిపోశాను. సరేనన్నాడు. అన్నాడే గాని, గొట్టం పక్కనే కుర్చీ వేసుకుని వాళ్ళ కెప్టెన్ కూర్చున్నాడు. ఏటా అంతే. తను ఊదడు, ఊదేవాళ్ళని చూస్తాడు. ఒంట్లో బాగాలేదన్నవాణ్ణి ఎండలో నిలబెట్టిన ఘనుడు. ముందు ఊదిన పటాలం వంటాయన దగ్గుతో మెలికలు తిరిగిపోతే, "ఏరా, నొప్పులొచ్చాయా? మంత్రసానిని పిలవనా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వి, ఇప్పుడే వస్తానని బాత్రూంలోకి వెళ్ళాడు. లోపల మందు బుస్సుమనడం నాకు వినబడింది.

వెళ్ళి డాక్టరమ్మకి చెప్పేశాను. ఆవిడ అడిగితే మా ఆయన, "దీనికి చాదస్తమమ్మా, పట్టించుకోకండి" అని, కళ్ళు బయటికొచ్చేలా ఊదాడు. కెప్టెన్ భుజం తట్టాడు. తర్వాత మిగతావాళ్ళూ బాత్రూం దారే పట్టారు.

పొగవల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని తేల్చారు. ఎవరికీ మిషన్ రాలేదు.

చలికాలంలో మా ఆయన పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి రాత్రులు గడిపాడు. పైవాళ్ళకి ఒక మాట చెప్పమని కెప్టెన్ ఇంటికి వెళ్ళాను. ఆయన పడక్కుర్చీలో ఉన్నాడు. పక్కన సొంతంగా కొనుక్కున్న మిషన్ గుర్రుమంటోంది, ముక్కులో గొట్టాలు. అవి తీసి, "మీవాడికెందుకమ్మా ఇది? ఏనుగులా ఊదాడు, నేను చూశాగా" అన్నాడు. మళ్ళీ పెట్టేసుకున్నాడు.

ఇంటికి రాగానే మా ఆయన అడిగాడు, కెప్టెన్ గారు తన గురించి ఏమన్నారని. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏనుగన్నారా?" అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఇంకోసారి అడగబోయాడు గాని, ఊపిరి చాల్లేదు.