గొడ్డుపనస

రెండో కావిడి నీళ్ళు పొన్నమొక్కల పాదుల్లో పోసి అప్పలసూరి కాసేపు నిలబడ్డాడు. ఇసుక నీళ్ళు తాగే చప్పుడు అతనికి ఇష్టం. పసిపిల్ల పాలు తాగుతున్నట్టు ఉంటుందని అతని భార్య చిన్నతల్లి అనేది. అని, వెంటనే వేరే మాటలోకి వెళ్ళిపోయేది.

ఫాల్గుణం చివరి రోజులు. సముద్రానికీ ఊరికీ నడుమ, ఇసుకదిబ్బ మీద నాలుగెకరాల తోపు అది. ఊరందరిదీ. గాలికి లేచిన ఇసుక వరిచేలను పూడ్చేస్తుంటే తాతల నాడు ఇంటికో మొక్క నాటారు. రాలిన ఆకు ఎవరైనా ఊడ్చుకోవచ్చు. నిలిచిన కొమ్మ మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయకూడదు. ఆ ఒక్క కట్టుబాటుకు అప్పలసూరి నలభై ఏళ్ళుగా కాపలా. పొట్టి మనిషి. కావిడి ఒరుసుకుని కుడిభుజం కాయలు కాచింది. తలకు ఎర్రంచు తుండుగుడ్డ. కొమ్మ విరిచేవాళ్ళను అదిలించడు, ఎదురుగా వెళ్ళి ఊరికే నిలబడతాడు. వాళ్ళే తలవంచుకుని పోతారు.

తెల్లవారినప్పటినుంచి ఎడమచెయ్యి తిమ్మిరిగా ఉంది. చేతిని రెండుసార్లు విదిలించి పనస దగ్గరికి నడిచాడు.

ముప్పై ఏళ్ళ చెట్టు. ఒక్క కాయ కాయలేదు. ఊళ్ళో దాన్ని గొడ్డుపనస అంటారు. కాయని చెట్టును ఏటా ఈ రోజుల్లో గొడ్డలితో బెదిరించడం అక్కడి ఆచారం. ఒకరు గొడ్డలి ఎత్తాలి, ఇంకొకరు చెట్టు తరఫున బతిమాలాలి. అప్పలసూరి ఎత్తేవాడు. చిన్నతల్లి బతిమాలేది. ఆ మాటలు ఇతర ఆడవాళ్ళు నవ్వుతూ అంటారు. పిల్లలు లేని చిన్నతల్లి నవ్వేది కాదు. మాను చుట్టూ చేతులు వేసి, వదిలెయ్యమంటూ, "ఒగ్గీ. దానికీ ఓ ఏడొత్తాది" అనేది. గొడ్డలి దించడానికి అతనికి ఎప్పుడూ కొంచెం ఆలస్యమయ్యేది.

కిందటి భాద్రపదంలో ఆమె జ్వరంతో పోయింది. ఊరు కొత్తగా బడి కట్టుకుంటోంది. దూలానికి ఈ పనస సరిపోతుందని పెద్దలు తేల్చారు. రేపు ఉదయం రంపం వస్తుంది. "ఒక్క పిందె సూపించు సూరీ, ఒగ్గీద్దుం" అన్నారు. న్యాయమైన మాటే. అతను కొమ్మకొమ్మా ఎక్కి వెతికాడు. లేదు.

పక్కింటి సింహాచలమ్మ వడ్లు ఉడకబెట్టడానికి ఎండుటాకు ఊడుస్తోంది.

"ఓలమ్మీ, పొద్దుగూకేలకి ఓపాలి రావాల. పనసని బెదిరించాల. బతిమాలీవోలు లేరు."

ఆమె చీపురు ఆపింది. "రేపు కొట్టీసీ సెట్టుని ఈయేల బెదిరించడవేటి మావా? కోసీసిన కోడికి దిష్టి తీసినట్టుంది."

"పోయీదేటుంది?"

"నీ గొడ్డలికది బెదరదు. ఆ తుప్పు సూసి నవ్వుద్ది." ఆకు గంపలోకి తొక్కుతూ అతని ముఖం చూసి, నవ్వు తగ్గించుకుంది. "ఒత్తానులే. ఏటనాలో సెప్పు."

చెప్పబోయాడు. చిన్నతల్లి మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"నీకు తోసింది అను," అన్నాడు.

మధ్యాహ్నం జీడిమామిడి నీడలో పడుకున్నాడు. జీడిపూత పుప్పొడి కనురెప్పల మీద రాలుతోంది. తోపు వెనక సముద్రం నిద్రలో ఉన్న మనిషిలా ఊపిరి తీస్తోంది. ఎవరో తడికాళ్ళతో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టనిపించింది. కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆ అడుగులు ఆగిపోతాయని తెలుసు.

ఎండ పసుపుపచ్చగా మారాక గుడిసెలోంచి గొడ్డలి తెచ్చాడు. చెట్టుకు రెండడుగుల దూరంలో మడమ కింద ఇసుక పెళ్ళ విరిగింది. నేల బీటవారి ఉంది. ఎండ్రకాయ బొరియ అనుకుని వంగాడు. కాదు. ఇసుక తోడితే వేళ్ళకు గరుకుగా, చల్లగా తగిలింది. ఆకుపచ్చని ముళ్ళతొక్క. పసిపిల్ల తలంత కాయ. పనస వేరుకు కాసింది.

చెట్టు మీద అందరూ వెతికారు. చెట్టు కింద ఎవరూ చూడలేదు. ఎన్నేళ్ళుగా ఇలా ఇసుకలో కాసి, ఇసుకలోనే కలిసిపోతోందో.

అతను తలగుడ్డ విప్పి, కుండలో మిగిలిన నీళ్ళలో తడిపి, కాయ మీద కప్పాడు. నాలుగు అంచులూ ఇసుకలో దోపాడు. అప్పుడు తిమ్మిరి భుజం దాటి గుండెలోకి వచ్చింది. గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని మానుకు ఆనుకుని కూర్చున్నాడు.

సింహాచలమ్మ వచ్చేసరికి పొద్దు వాలింది. గొడ్డలితో కూర్చున్న మనిషిని చూసి దూరంనుంచే అందుకుంది.

"ఒగ్గీ మావా, ఒగ్గీ. ఈ ఏడు కాత్తానంటంది. నాది పూచీ."

అతను పలకలేదు. పంతం పట్టాడనుకుని దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మళ్ళీ అంది. పలకలేదు. మూడోసారి, చిన్నతల్లి చేయగా చూసినట్టే, మాను చుట్టూ చేతులు వేసి నెమ్మదిగా అంది. ఆ తర్వాత వంగి అతని ముఖంలోకి చూసింది.

ఉదయం రంపం వచ్చింది. పెద్దలు గుడ్డ అంచు ఎత్తి చూసి, మళ్ళీ కప్పేశారు. రంపాన్ని వెనక్కి పంపి, అప్పలసూరిని పాడె మీద మోసుకుపోయారు. బడికి తాటిదూలం వేశారు.

ఆ గుడ్డను ఎవరూ తీయలేదు. నీళ్ళు పోయడానికి వచ్చిన వాళ్ళు దాని మీద కూడా ఓ చెంబెడు చల్లి పోయేవారు. ఎర్రంచు వెలిసిపోయిన ఆ తుండుగుడ్డ, ఇసుక మీద, రోజుకింత పైకి లేస్తూ ఉంది.