విశ్రాంత ఉద్యోగికి విశ్రాంతి

ఆసుపత్రి లాండ్రీలో ఆవిడను అందరూ దుప్పట్ల పెద్దమ్మ అంటారు. పదవీ విరమణ రోజున చప్పట్లు కొట్టి, చేతిలో గోడ గడియారం పెట్టి సాగనంపిన సూపర్‌వైజరే నెల తిరక్కుండా ఇంటికొచ్చి బతిమాలాడు. కొత్తవాళ్ళు నిలవడం లేదట, వార్డులకు దుప్పట్లు అందడం లేదట. పింఛను ఇంటద్దెకే సరిపోతోంది కాబట్టి పెద్దమ్మ కూడా ఎక్కువసేపు బెట్టు చేయలేదు. మర్నాడే వెళ్ళి పనిలో చేరింది.

జీతంలోంచి పన్ను కోసేవారు, అనారోగ్య నిధికని ఇంకొంత కోసేవారు. ఆవిడ ఏనాడూ గొణగలేదు. నిజం చెప్పాలంటే ఆ కోత చూసుకుంటే కాస్త గర్వంగా కూడా ఉండేది. తను ఇంకా పనిచేసేవాళ్ళ లెక్కలోనే ఉన్నానని మురిసిపోయేది, పిచ్చితల్లి.

తడి దుప్పట్లు ఎంత బరువుంటాయో మోసినవాళ్ళకే తెలుసు. ఉతికే యంత్రంలోంచి అవి ఒకదానికొకటి మెలిపడి బయటికొస్తాయి. కాలు తన్నిపట్టి లాగాలి. ఓ పొద్దున అలా లాగుతుంటే పెద్దమ్మ కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. డాక్టరు చూసి, ఆరు వారాలు పూర్తి విశ్రాంతి అని చీటీ రాశాడు. ఈలోగా బరువు ఎత్తితే ఆ చెయ్యి మళ్ళీ తలదాకా లేవదని గట్టిగానే చెప్పాడు.

పనివాళ్ళు జబ్బుపడితే జీతానికి బదులు భత్యం ఇవ్వడానికే ఆ నిధి. అందుకని కోడల్ని వెంటబెట్టుకుని, చీటీ పట్టుకుని, భత్యాల ఆఫీసుకు వెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా కుర్రవాడు, మర్యాదస్తుడు. చీటీ చదివి, కంప్యూటరు చూసి, చిన్నగా నవ్వాడు.

"మామ్మగారూ, మీరు విశ్రాంత ఉద్యోగి కదండీ. ఆల్రెడీ విశ్రాంతిలో ఉన్నవాళ్ళకి మళ్ళీ విశ్రాంతి భత్యం ఎలా వస్తుందండీ?"

హాస్యమాడుతున్నాడనుకుని పెద్దమ్మ కూడా నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. అతను మాత్రం చీటీ వెనక్కి ఇచ్చేశాడు. అప్పుడర్థమైంది, హాస్యం కాదని. నవ్వినందుకు ఆవిడకు తలకొట్టేసినట్టయింది.

విరమణ వయసు దాటినవాళ్ళకు ఈ భత్యం వర్తించదని రూలట. మరి నిధికి ఎందుకు కోస్తున్నారని కోడలు మెల్లగా అడిగితే, అది పక్క కిటికీ వాళ్ళని అడగమన్నాడు. పక్క కిటికీలో పన్నులావిడ తల ఎత్తకుండానే చెప్పింది. సంపాదిస్తున్నారంటే ఉద్యోగి, ఉద్యోగి అంటే కోత తప్పదు, దానికి వయసుతో పని లేదు. ఆ రెండు కిటికీలకూ మధ్య ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దానికి ఇటు నిలబడితే పెద్దమ్మ ఉద్యోగి, అటు నిలబడితే కాదు. ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, జన్మలో ఒక్క తడి దుప్పటైనా ఎత్తి ఉండడు.

పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. "తీసుకునేటప్పుడు నాకు వయసు లేదు. ఇచ్చేటప్పుడే వచ్చిందా?" అంది.

క్యూలో నిలబడ్డవాళ్ళు తలో వైపు చూశారు. కావాలంటే అప్పీలు పెట్టుకోండి, విచారణకు పిలుస్తారని చెప్పి గుమాస్తా చేతులు దులుపుకున్నాడు. అక్కడే అప్పీలు పెట్టి ఇంటికొచ్చారు.

విచారణ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇంట్లో కుండ మాత్రం రోజూ పొయ్యెక్కాలి. కొడుకు ఫ్యాక్టరీలో ఆ నెల సగం పనే ఉంది. ఎలాగోలా సర్దుకుందాం, మీరు కదలకండి అత్తయ్యా అని కోడలు ఎంతో చెప్పింది. పెద్దమ్మ వినలేదు. రెండో వారంలోనే పనికి వెళ్ళింది. సూపర్‌వైజరు జాలిపడి దిండు గలీబులు మడతపెట్టే తేలిక పని ఇచ్చాడు. లాండ్రీలో తేలిక పని ఎన్నాళ్ళుంటుంది? ఎవరో నాగా పెట్టారు, పెద్దమ్మ మళ్ళీ యంత్రం దగ్గరికి వచ్చింది. డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఇప్పుడు అత్తగారి తల కోడలే దువ్వుతోంది.

విచారణకు పిలుపు వచ్చేసరికి చలికాలం వెళ్ళి ఎండలు ముదిరాయి. గదిలో పొడవాటి బల్ల, దాని వెనక అధికారి, పక్కన రాసుకోవడానికి ఆ గుమాస్తానే. అధికారి మంచిమనిషిలాగే ఉన్నాడు. లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"ముందు కుడి చెయ్యి పైకెత్తి, అంతా నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యండమ్మా. ఇక్కడి పద్ధతి," అన్నాడు.

పెద్దమ్మ ఎత్తింది. చెయ్యి రొమ్ముదాకా వచ్చి ఆగిపోయింది. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించింది. అంతకన్నా లేవలేదు.

"పర్వాలేదమ్మా, ఎడమ చెయ్యి ఎత్తండి," అన్నాడు అధికారి మెత్తగా.

పెద్దమ్మ ఎడమ చెయ్యి ఒళ్ళోంచి తియ్యలేదు.

"ఈ చెయ్యి పోకూడదనే ఆరోజు మీ కిటికీ దగ్గరికొచ్చాను బాబూ. ప్రమాణం దీంతోనే చేస్తాను. మీరే వచ్చి ఎత్తండి."

అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా కోడలి వైపు చూశాడు. కోడలు కదల్లేదు. పెద్దమ్మ కుడి చెయ్యి అలాగే రొమ్ము దగ్గర ఆగి ఉంది, ఎవరో ఒకరు లేచి వచ్చేదాకా దించేది లేదన్నట్టు.