రేవు వదిన పిలిచిన రోజు

తుఫాను ఉత్తరం వైపు పోతుందని ముందురోజు చెప్పిన వాతావరణ కార్యాలయం తెల్లారేసరికి మాట మార్చింది. గోడ మీది పటంలో ఎర్ర గుండుసూదిని జరుపుకుంటూ వచ్చిన రేవు వదిన చేయి తమ తీరానికి ఎదురుగా ఆగిపోయింది.

ఆమె పని రేవులోని రేడియో గదిలో. సముద్రం మీదున్న పడవలకు గాలి సంగతీ అల సంగతీ చెప్పేది ఆ గొంతే. చిన్నా పెద్దా లేకుండా పడవల వాళ్ళందరికీ ఆమె వదినే.

ఆమె మీట నొక్కింది. "వదిన మాట్లాడుతున్నా. తుఫాను మన మీదికే వస్తోంది. వలలు కోసేసైనా సరే, వచ్చేయండి. వల పోతే మళ్ళీ అల్లుకోవచ్చు. ఆలస్యం చేసేవాళ్ళతో మీ ఆవిడలే మాట్లాడతారు, తర్వాత మీ ఇష్టం!"

రేడియోలో నవ్వులు గరగరలాడాయి. ఒక్కొక్క పడవే "వస్తున్నాం వదినా" అంది.

ఒడ్డున క్షణం తీరిక లేదు. వచ్చిన పడవను వచ్చినట్టు ఇసుక మీదికి లాగి, మోకులతో ఒకదానికొకటి కట్టేస్తున్నారు. ఇళ్ళ కిటికీలకు అడ్డంగా చెక్కలు కొడుతున్నారు. చేపల వేలం వేసే కాంక్రీటు షెడ్డును కడిగి, ముసలివాళ్ళనూ పసివాళ్ళనూ అందులోకి చేరుస్తున్నారు. ఈ హడావుడి అంతటికీ పెత్తనం వదిన అత్తగారిది. ఆవిడ కేకలకు గాలి కూడా కాస్త పక్కకు తప్పుకునేలా ఉంది.

మధ్యాహ్నం దాటేసరికి రేవుకు చేరవలసినవి రెండే పడవలు. ఒకటి మీసాల సరంగు నడిపేది, దారిలో ఉంది. రెండోది వదిన మామగారిది. పొద్దుటి నుంచీ దాని రేడియో మూగనోము పట్టింది.

అత్తగారు షెడ్డు కడిగిన తడి చీరతోనే గదిలోకి వచ్చింది. "మీ మామ ఏమన్నాడు?"

"పలకడం లేదత్తా."

"ఇంట్లో పిలిస్తేనే పలకడు, ఇక సముద్రంలో పలుకుతాడా?" అంది ఆవిడ. మాటైతే వెటకారమే గానీ, చూపు మాత్రం రేడియో మీదే ఉంది.

అప్పుడే మీసాల సరంగు గొంతు వినిపించింది. పడవ కట్టుకునే చోటు దగ్గర తగువుపడ్డప్పటి నుంచి అతనికీ మామగారికీ మాటల్లేవు. "వదినా, మీ మామ పడవని పొద్దున దీవి పక్కన చూశా. ఇంజను ఆపి కూర్చున్నాడు. చేపల కోసం కాపు కాస్తున్నాడేమో అనుకున్నా."

ఆపింది కాదు, ఆగిపోయింది. ఇంజనుతోపాటే రేడియో కూడా పోయిందని వదినకు అర్థమైంది. పటం వైపు చూసింది. సరంగు వెనక్కి తిరిగితే దీవి చేరగలడు. తిరిగి రావడమే అనుమానం.

మీట మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. తన ఇంటి మనిషి కోసం పక్కింటి మనిషిని మృత్యువు నోట్లోకి ఎలా పొమ్మంటుంది? చివరికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అన్నా, సాయంత్రానికి అలలు రేవులోకొచ్చే మొగని మూసేస్తాయి. నిన్ను వెళ్ళమని నేను చెప్పలేను."

గరగరల మధ్య అతను పడవలో వాళ్ళతో ఏదో అంటున్నట్టు వినబడింది.

"నువ్వు చెప్పలేదులే. మా పడవలో వాళ్ళనడిగా, అందరూ ఊఁ అన్నారు. దారి చూపించు చాలు. ఆయనతో మాత్రం నేను మాట్లాడను. తాడు విసురుతానంతే."

వదిన కన్ను తుడుచుకుని పటం ముందుకు లాక్కుంది. గాలి ఎటు మళ్ళితే అటు పడవను మళ్ళిస్తూ, దీవి చాటునే తీసుకుపోయింది. వాన మొదలైంది. పగలే దీపాలు పెట్టుకోవలసినంత చీకటి కమ్మింది. గది బయట జనం గుమిగూడారు.

"తాడు అందింది!" అన్నాడు సరంగు. వెనక నుంచి మామగారి అరుపు లీలగా వినబడుతోంది.

"ఏమంటున్నాడన్నా?"

"ముడి వేయడం రాదని తిడుతున్నాడు."

"అయితే మాట్లాడినట్టేగా!"

"తిట్లు మాటల కింద లెక్క కాదు వదినా."

బయట జనం ఘొల్లుమన్నారు. అత్తగారు నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

కానీ పడవలు దగ్గరికొచ్చే వేళకు కరెంటు పోయింది. రేవు మొగ దగ్గరి దీపస్తంభం ఆరిపోయింది. రెండు రాళ్ళ కట్టల మధ్య ఇరుకైన దారి అది. గురి తప్పితే పడవ పిండే.

వదిన తలుపు తీసి అరిచింది. "వెలుతురు కావాలి! లారీలన్నీ కుడి కట్ట మీదికి, మోటారు సైకిళ్ళు ఎడమ కట్ట మీదికి!"

అత్తగారు మొదటి లారీ మెట్టెక్కి డ్రైవరును ఉరికించింది. చూస్తుండగానే రెండు కట్టలూ వెలిగిపోయాయి. వదిన చేతి రేడియోతో వానలో నిలబడింది.

"అన్నా, ఎత్తు దీపాలు ఒక పక్క, చిన్న దీపాలు ఒక పక్క కనిపిస్తున్నాయా?"

"దీపాలేంటి వదినా, పెళ్ళి ఊరేగింపులా ఉంది!"

"వాటి మధ్యలోకి రా. ఆగాగు... ఆ పెద్ద అలను పోనీ. ఇంకోటి ఉంది, దాన్నీ పోనీ... ఇప్పుడు! రా!"

ముందు పడవ ముక్కు కనిపించింది. తర్వాత బిగిసిన తాడు. ఆ తాడు చివర మామగారి పడవ. రెండూ దీపాల మధ్య నుంచి రేవులోకి దూసుకొచ్చాయి. జనం పెట్టిన కేకలో గాలి హోరు వినబడకుండా పోయింది.

మామగారు దిగి, సరంగు ఎదురుగా నిలబడ్డాడు. మీసాలలోంచి నీళ్ళు కారుతున్న ఆ ముఖం వైపు చాలాసేపు చూశాడు.

"నీ ముడి ఊడలేదురా," అన్నాడు.

సరంగు ఏదో అనబోయేలోగా ముసలాయన అతన్ని కౌగిలించుకున్నాడు. "కౌగిళ్ళు షెడ్డులో పెట్టుకోండి, నడవండి!" అని అత్తగారు ఇద్దరినీ చెరో రెక్కా పట్టుకుని లాక్కుపోయింది.

ఆ రాత్రి తుఫాను తన ప్రతాపమంతా చూపించింది. తెల్లారి చూస్తే సగం ఇళ్ళకు కప్పుల్లేవు. రేడియో గది గోడలు మాత్రమే మిగిలాయి. కానీ పడవలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నచోటే ఉన్నాయి. షెడ్డులో జనం మేలుకుని, పిల్లల్ని తడిమి చూసుకుంటున్నారు.

వదిన చేతిలోని రేడియో పలికింది. వాతావరణ కార్యాలయం వాళ్ళు. "అమ్మా, మీ రేవులో గల్లంతైనవాళ్ళు ఎంతమంది?"

"ఒక్కరూ లేరు."

"సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

రాత్రంతా అందరికీ ధైర్యం చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. మీట అలాగే నొక్కి పట్టి, రేడియోను షెడ్డులోని జనం వైపు తిప్పింది.

"అడుగుతున్నారు, చెప్పండి!" అంది.

ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది.