గాజుకి అవతలి వైపు

మా అద్దాల షాపులో కాగితమంటే బిల్లు పుస్తకమే. కొలతలు, ఫోన్ నంబర్లు, ఇంటికి తేవాల్సిన కూరగాయలు, అన్నీ మా ఆయన మార్కర్‌తో గాజు ముక్కల మీదే రాస్తారు. తుడిస్తే పోతుంది, పైసా ఖర్చు లేదని ఆయన గర్వం.

కొత్తగా తెరుస్తున్న జిమ్‌లో గోడ నిండా అద్దాలు బిగించే పని మాకు దొరికింది. జిమ్ ఓనరు ఇచ్చిన అడ్వాన్సు హోల్‌సేల్ వ్యాపారికి పంపితే గానీ ఆయన లారీలో సరుకు ఎక్కించడు. సాయంత్రం గోడౌను మూసేలోగా సరుకు బయల్దేరకపోతే పని ఇంకొకరికి పోతుంది. అడ్వాన్సు మాత్రం మేం తిరిగి కట్టుకోవాలి.

ఆ వ్యాపారికి నంబర్ల పిచ్చి. డబ్బు పోసి మరీ కొనుక్కున్నాడు ఫోన్ నంబరు. అన్నీ ఎనిమిదులు, ఒకట్లు, సున్నాలే. మా ఆయన దాన్ని ఒక గాజు ముక్క మీద రాసి, కొలతలు తీయడానికి జిమ్‌కి వెళ్ళారు. మా మరిది ఆ ముక్కని తెచ్చి, వెనక వైపు నాకు కనబడేలా కౌంటర్ మీద నిలబెట్టాడు. వేరే ఏ అంకె ఉన్నా తిరగబడిందని చంటిపిల్లలకైనా తెలిసేది. ఈ అంకెలు ఎటు నుంచి చూసినా అంకెల్లాగే ఉన్నాయి. నేను అత్తయ్య ఫోన్ తెచ్చి, బుద్ధిగా ఎడమ నుంచి కుడికి కొట్టాను.

యాప్‌లో ఎవరిదో ఆడమనిషి పేరొచ్చింది.

"ఇదేంటి, ఈవిడెవరు?"

"వాళ్ళావిడ అయ్యుంటుంది వదినా. మన ఖాతా మాత్రం అమ్మ పేరు మీద లేదూ?"

కాదనడానికి ఏముంది, నొక్కేశాను. గుటక మింగేలోపు పచ్చ టిక్కు పడింది. కాసేపటికి వ్యాపారి ఫోన్ చేసి, "ఏమ్మా, పంపేదుందా, లేదా?" అన్నాడు. గాజు ముక్కని ఇటు తిప్పి చూశాను. నేను కొట్టింది నంబరు చివర్నుంచి మొదటికి. బ్యాంకుకి పరిగెత్తాను.

బ్యాంకు ఆఫీసరు తన కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే నా కథంతా విన్నాడు.

"పేరు చూపించిందా మేడమ్?"

"చూపించింది."

"నొక్కింది మీరేనా?"

"నేనే."

"మరింకేం, బాధ్యత మీదే. ఫిర్యాదు వాళ్ళ బ్యాంకుకి పంపిస్తాం. అవతలివాళ్ళు ఒప్పుకుంటే తిరిగొస్తుంది. కొన్ని రోజులు పడుతుంది."

"పోవడానికి క్షణం, రావడానికి రోజులా?"

"పంపేది మెషీను మేడమ్. తెచ్చేది ఫైలు."

ఆ మాటకి ఆయనకి ఆయనే మురిసిపోయాడు. అత్తయ్య పేరు మీద ఫిర్యాదు రాసిచ్చి, బయటికొచ్చి, ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఒక పెద్దావిడ ఎత్తింది.

"అమ్మా, పొరపాటున మా డబ్బు మీ ఖాతాలో పడిందండీ."

"పడుతుంది, పడుతుంది. ఇప్పుడు నువ్వో లింకు పంపుతావు, నేను నొక్కాలి. అంతేగా?"

"లింకేం లేదండీ. మాది అద్దాల షాపు."

"నిన్న ఒకడు పోలీసునన్నాడు. ఇవాళ నువ్వు అద్దాల షాపా? ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, నా దగ్గరా మీ వేషాలు?"

ఆగలేక ఏడ్చేశాను. "ఏడుపు కూడా బాగానే నేర్పారే," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగలేదు. టీచరమ్మ నన్ను బ్లాక్ చేసింది. ఒళ్ళు మండిపోయింది, కానీ ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

షాపుకొచ్చేసరికి మా ఆయన కూడా వచ్చేశారు.

"నొక్కింది ఎవరు?" అన్నారాయన.

"తిప్పి పెట్టింది ఎవరు?" అన్నాను.

"అసలు గాజు మీద రాసింది ఎవరు?" అన్నాడు మరిది. "అయినా వదినా, నేనేదో నోటికొచ్చింది అన్నాననుకో, నువ్వు నమ్మేయడమేనా?"

అన్నీ గుసగుసలే. వెనక గదిలో అత్తయ్య ఉంది. ఆవిడకి తెలిస్తే ముగ్గురికీ కలిపి తలంటుతుందని విషయం దాచాం. గోడౌను మూసే వేళ దగ్గరపడుతోంది. ఇంతలో ఆ గదిలోంచే కేక వినిపించింది.

"ఎవడ్రా నువ్వు? బ్యాంకు ఆఫీసరువా? డబ్బు వెనక్కిస్తావా? నీ గొంతు వింటేనే తెలుస్తోందిరా, నువ్వు ఇచ్చే రకం కాదని! పక్కన ఆ ఆడగొంతు ఎవరిది? మీ ముఠా నాయకురాలిదా? ఇద్దర్నీ లోపలేయిస్తా! పెట్టరా ఫోను!"

మేం పరిగెత్తేసరికి అత్తయ్య చీరకొంగుతో చెమట తుడుచుకుంటోంది. "చూశావా కోడలా? ఇలాంటి ఫోనొస్తే దులిపేయమన్నావుగా. దులిపి వదిలిపెట్టాను."

ఖాతా అత్తయ్యది. దానికిచ్చిన ఫోన్ నంబరూ అత్తయ్యదే. బ్యాంకువాళ్ళు ఫోన్ చేస్తే ఆవిడకే చేస్తారన్న ముక్క మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడకి ఆ పాఠం నూరిపోసిందాన్ని నేనే. అంతా అయిపోయిందనిపించి, అక్కడే గడప మీద కూలబడ్డాను.

నా ఫోన్ మోగింది. టీచరమ్మ.

"ఇందాక నన్ను తిట్టినావిడ మీకేమవుతుంది?"

"మా అత్తగారండీ. ఏమీ అనుకోకండి, ఆవిడకి విషయం తెలీదు..."

"మీ డబ్బు చూసి భయమేసి మా బ్యాంకుకి వచ్చానమ్మా. మీ ఫిర్యాదు ఉందని చూపించారు. అదీ నమ్మలేదు, ఖాతాదారుతో మాట్లాడించమన్నాను. నా జన్మలో ఎవరూ నన్ను అన్ని మాటలనలేదు." నవ్వుతోందో ఉడుక్కుంటోందో తెలియలేదు. "ఏడుపంటావా, ఎవరైనా ఏడుస్తారు. డబ్బిస్తామంటే తిట్టిపోసే దొంగ మాత్రం ఎక్కడా ఉండడు. సంతకం పెట్టేశాను. వెంటనే పంపేస్తామంటున్నారు."

అత్తయ్య చేతిలో ఫోన్ టింగుమంది. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, మొహం చిట్లించింది.

"మళ్ళీ వాళ్ళే. ఏదో డబ్బు పడిందట. నేనా నొక్కేది? తుడిచేస్తున్నా."

గోడౌను మూయడానికి ఇంకా టైముంది. ఆవిడ మెడ చుట్టూ చేతులేసి భోరుమన్నాను. ఎందుకేడుస్తున్నానో ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.