గాజుపెట్టెలో లడ్డూ

విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున్నే ల్యాబుకొచ్చిన రోహిణి గాజుపెట్టెలోకి చూసి కొయ్యబారిపోయింది. గాలి పొడ గిట్టని ఆ పెట్టెలో ఒక విస్తరాకు ముక్క, దాని మీద లడ్డూ. పక్కన సీసాలో, నిన్నటిదాకా దానిమ్మ గింజలా మెరిసిన నికెల్ ఉత్ప్రేరకం నాచు రంగుకి తిరిగింది.

ఏడాది తంటాలు పడి పట్టుకున్న పని అది. ఆ ఉత్ప్రేరకం ఒక్కో పాలిమర్ గొలుసునూ ఒకే పొడవున అల్లుతుంది. ఇనుముని పట్టుకునే కొక్కేలను ఎక్కడ తగిలించమంటే అక్కడే తగిలిస్తుంది. తుప్పు పట్టనివ్వని పూత దాంతోనే చెయ్యాలి. ఇవాళ వచ్చే కంపెనీ వాళ్ళకి అది చూపించలేకపోతే రోహిణి పరిశోధన అటకెక్కినట్టే.

"ఎవరు తెరిచారు సార్ దీన్ని?"

"నేనే," అన్నాడు గైడు త్రినాథరావు. నుదుటి కుంకం ఇంకా చెరగలేదు. "పూజ రోజు మెషీన్లకి ఛుట్టీ కదమ్మా. గాలి చొరకుండా పెట్టిన నైట్రోజన్ గ్యాసు కట్టేసి ప్రసాదం పెట్టాను. ఏటయిపోనాది ఇప్పుడు?"

"చచ్చిపోనాది సార్! మీ నాన్నగారు స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో పన్చేసినోరే కదా. పూజని చెప్పి ఫర్నేస్‌కి గాలి ఆపేసీవోరేటి? బొట్టెట్టి పని చేసుకునీవోరు!"

"గొంతు తగ్గించు. కంపెనీ వాళ్ళొచ్చేస్తన్నారు. ఉన్నదాంతోనే చేసి చూపించు."

చేసింది. వాళ్ళ ముందే చేసింది. రాయ్‌పూర్ రంగుల కంపెనీ నుంచి వచ్చిన క్యాథరిన్ వంగి చూసింది. చిక్కబడాల్సిన ద్రావణం నీళ్ళలాగే గిరగిరా తిరుగుతోంది.

త్రినాథరావు నవ్వాడు. "సారీ మేడం. మా అమ్మాయిది కొంచెం తొందర చెయ్యి. గాలి తగిలించేసింది."

ఆడపిల్ల చెయ్యి దొరికితే చాలు, పెద్దమనుషులు తమ మసంతా దానికే పులిమేస్తారు. రోహిణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా చెయ్యి కాదు మేడం! సారే పెట్టె తెరిచి లడ్డూ పెట్టారు. బోలియే నా సార్, చెప్పండి! నిన్న దేవుడి ముందు మంత్రం చదివిన నోరే కదా అది?"

"నిజమేనా?" అంది క్యాథరిన్.

త్రినాథరావు నుదుటి కుంకం తుడుచుకున్నాడు. క్యాథరిన్ రోహిణి వైపు తిరిగింది. "మళ్ళీ చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"కొత్త నికెల్ వస్తే నెల. తెప్పించాల్సింది సారే."

"నెల ఆగుతాం."

"నువ్వు బయటికి నడు," అన్నాడు త్రినాథరావు పళ్ళ బిగువున.

రోహిణి స్టూలు బరబరా లాగి పెట్టెకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "ఆర్డరు పెట్టండి సార్. అప్పుడే లేస్తాను. ఈలోగా దీని మీద చెయ్యెయ్యాలంటే ముందు నన్ను లేపాలి."

త్రినాథరావు ఫోను తీసి, గోడవైపు తిరిగి నికెల్ ఆర్డరు గొణిగాడు.

"గట్టిగా చెప్పండి సార్," అంది రోహిణి. "మేడంకి వినపడాలి."