వెతికేవాళ్ళూ, సర్దేవాళ్ళూ

"అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అత్తగారి కేక.

పెట్టింది ఆవిడే. ఎక్కడ పెట్టిందో గుర్తుండాల్సింది మాత్రం కోడలికి. "ఫ్రిజ్ మీద ఉంది అత్తయ్యా," అంది బట్టలు మడతపెడుతూనే.

ఇంకాసేపట్లో లాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు. ఇవాళ నోరు విప్పకపోతే నెపం తన నెత్తిన పడుతుంది. ఆస్పత్రి కౌంటర్లలో కొత్త రోగి వివరాలు ఎక్కిస్తుంటే సిస్టమ్ మొరాయిస్తోంది. ఆ వివరాలుండే డేటాబేస్ చూసేది తనే. కానీ సిస్టమ్ వేగం పెంచే ట్యూనింగ్ టూల్ సిఫార్సు చేసిన ఇండెక్సులన్నీ, అంటే ఏ రికార్డు ఎక్కడుందో చెప్పే పట్టికలన్నీ, గుడ్డిగా పెట్టించింది మేనేజరు. ఒక్కొక్కటీ పరీక్షించి పెడదాం సార్ అంటే, "మెషీనే చెప్తోంది కదండీ, మీకెందుకు అనుమానం?" అని నవ్వాడు. పాత రికార్డులు వెతకడం మాత్రం చిటికెలో పనైంది, మెప్పంతా ఆయనకు దక్కింది.

మీటింగు మొదలయ్యీ కాకముందే గదిలోంచి భర్త. "ఏమోయ్, నా చార్జరు?"

"సోఫా పక్కన."

"ముందు ఇల్లు చక్కబెట్టుకోండి మేడమ్, మేం ఆగుతాం," అన్నాడు మేనేజరు. నలుగురూ నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా గొంతు తగ్గించలేదు.

"ఇండెక్సు ఉంటే వెతకడం తేలికే సార్. కానీ కొత్త రోగి పేరు ఎక్కిన ప్రతిసారీ అన్ని ఇండెక్సుల్లోనూ విడివిడిగా సర్దాలి. టూలు వెతికేవాళ్ళ తొందరే చూసింది, సర్దే చాకిరీ చూడలేదు. ఎవరూ వాడనివి తీసేద్దాం."

మేనేజరు, "సరే, తీసి చూడండి," అన్నాడు. తీసింది. కాసేపటికి కౌంటర్ నుంచి కబురొచ్చింది, వివరాలు వెంటనే ఎక్కుతున్నాయని.

లాప్‌టాప్ మూసినా తన మాటలే చెవుల్లో మోగుతున్నాయి. "మా ఆవిడ జ్ఞాపకశక్తే వేరండీ," అని భర్త చుట్టాల ముందు మురిసిపోతాడు. అది జ్ఞాపకశక్తా? ఈ ఇంట్లో ఏ వస్తువు చోటు మారినా దాని వెంట తన మనసు పరిగెత్తాలి. స్నానం చేస్తున్నా, జ్వరంతో పడుకున్నా. ఆ పరుగు ఏనాడూ ఎవరి కంటా పడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమోయ్, నెయిల్ కట్టర్ ఎక్కడ?"

అద్దం కింది సొరుగులో, దువ్వెనల వెనక. జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"వెతుక్కోండి."

అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అదేంటి, నీకు తెలీదా?"

"ఇవాళ్టికి తెలుసు," అంది ఆమె. "రేపటినుంచి గుర్తుపెట్టుకోను."