తెల్ల పడుగు

పవర్‌హౌస్ పొగగొట్టం ఉన్నంతకాలం తమ వాడలో తెల్లబట్ట నేయడం కల్ల అని నర్సింగం కనబడ్డ ప్రతివాడితోనూ వాదించేవాడు. వాదన లేకపోతే అతనికి అన్నం అరగదు. అయినా ఈ మాటలో అబద్ధం లేదు. పడుగు నూలును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. తడి గంజి మీద బొగ్గు బూడిద పడిందంటే ఇక వదలదు. చేనేత సంఘం ఇచ్చిన తెల్లనూలు అలా రెండుసార్లు పాడైంది. ఈసారీ పాడైతే ఇక నూలు ఇచ్చేది లేదన్నారు. అప్పుడు ఇల్లు విడిచి భివండి బట్టల మిల్లులకు వలస పోవడమే గతి. ఆ మాట ఎత్తితే భార్య యాదవ్వకు ముద్ద దిగేది కాదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున చూస్తే గొట్టం మీద పొగ లేదు.

“పవర్‌హౌస్ బంద్ వడ్డది. రాండ్రి, పడుగు చాపుదాం” అని నర్సింగం వాడంతా లేపాడు. ఎదురింటి కైలాసం ఒక కొస పట్టాడు. గంజి పట్టించడం అయ్యేసరికి, పాలకు పోయిన యాదవ్వ పరుగున వచ్చింది.

“బంద్ గాలేదయ్యా, నడుస్తాంది. బొగ్గు లారీలు లోపటికి పోతానయి.”

నర్సింగం కుంచె పట్టుకునే గొట్టం వైపు చూశాడు. తడి పడుగును చుట్టడానికి లేదు, కప్పడానికి లేదు. పొగ లేకుంటే పొయ్యి లేదనుకున్నాడు పాపం, ఎవరైనా అంతే అనుకుంటారు.

“ఫికర్ చెయ్యకు బావా” అన్న కైలాసం కూడా ఆకాశం వైపే చూస్తున్నాడు.

పడుగు ఆరింది. యాదవ్వ ఈ కొస నుంచి ఆ కొస దాకా చేయి ఆనిస్తూ నడిచి, అరచేయి తిప్పి చూసుకుంది. మసి అంటలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రమే నర్సింగం పవర్‌హౌస్‌కు పోయాడు. గేటు ముందు, ఒళ్లంతా బూడిదైన కట్టయ్య అనే పనివాడు చాయ్ తాగుతున్నాడు.

“కొత్తగ కరెంటు పలకలు వెట్టిన్రు తమ్మీ” అన్నాడతను. “పొగల బూడిదంత వాటికే అతుకుతది. దులిపితే కిందికి రాలుతది. నేను ఎత్తిపోస్త.”

మగ్గం దిగిన మొదటి ధోవతి మార్కండేయుని గుడికి ఇవ్వడం వాళ్ల ఆచారం. సంఘం కూడా దానికి అడ్డు చెప్పదు. నర్సింగం మాత్రం దాన్ని కట్టయ్య దగ్గరికి తీసుకుపోయాడు.

“బూడిదల పనిచేసెటోనికి తెల్లధోతెందుకే?”

“మా మీద పడేదంత నీ మీద పడవట్టె. నీ పుణ్యాన నా ఇంట్ల నేనున్న. నువ్వు కట్టుకోకుంటె ఎవరు కట్టుకోవాలె అన్నా?”

కట్టయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అవి తెల్లబడలేదు. “ఖరాబైతది, ఆ బల్ల మీద వెట్టు” అన్నాడు మెల్లగా.

నర్సింగం ఆ చేతుల్లోనే ధోవతి పెట్టాడు.